కొంగ వాలిన చెట్టు ఎవరిది?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఏరి పక్కన పెట్టాను. ఊళ్లు వేరు, దేశాలు వేరు, కానీ అన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి. భూమి మన పేరు మీదే ఉంది, దాని మీద ఉన్న చెట్టునో పిట్టనో కాపాడాలని మనసులో ఉంది, కానీ కాపాడితే మనకేం నష్టం, ఎవరితో ఏమని రాసుకోవాలి, రాసుకున్నాక వెనక్కి రాగలమా? పొట్టి జవాబులు ఇవ్వడం నాకు చేతకాలేదు. ఇది సంతకాలతో కూడిన వ్యవహారం కదా.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు చిన్న పల్లె. పెరట్లో మా మామగారి కాలంనాటి చింతచెట్లు మూడున్నాయి. కొన్నేళ్లుగా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాటి మీద గూళ్లు పెడుతున్నాయి. చింతపండు కాపు పోయింది, చేపల కంపుకి వంటింటి కిటికీ తీయలేకపోతున్నాం. మా అబ్బాయి కొట్టించేద్దామంటున్నాడు. నాకు మనసు రావడం లేదు. ఉంచితే ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి తెలుసుకోవాల్సింది ఒకటుంది. గూళ్లలో గుడ్లు, పిల్లలు ఉండగా కొమ్మ నరికితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని వేట కిందే లెక్కేస్తుంది. గుడ్లు పాడుచేయడమే కాదు, గూడు చెదరగొట్టడం కూడా వేటే. సొంత భూమిలో చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి అడగాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో నిబంధన ఉంది. కాబట్టి కోపంలో గొడ్డలి తీయొద్దని చెప్పండి. అయితే చట్టం పేరు చెప్పి భయపెడితే చెట్టు ఈ ఏడాదికి నిలబడుతుందేమో, మీ కష్టం మాత్రం అలాగే ఉంటుంది, అందుకే అసలు విషయానికి వస్తాను.

కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్లూరు అనే ఊరుంది. అక్కడా ఇవే గూడబాతులు, ఇవే కొంగలు, ఇవే చింతచెట్లు, అవీ జనం ఇళ్ల మధ్యే. నేను వెళ్లింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ఒక ఇంటి ముందు చెట్టు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, ఆకుల మీద, పెంకుల మీద, కింద కట్టేసిన గేదె వీపు మీద కూడా రెట్టే. పైన పిల్లలు ఆకలికి గోల చేస్తుంటే తల్లి కొంగ గొంతులోంచి చేపలు కక్కుతోంది, సగం కిందపడుతున్నాయి. ఆ కింద కూర్చుని ఒక పెద్దావిడ ఏ ఇబ్బందీ లేనట్టు బియ్యంలో రాళ్లేరుకుంటోంది. ఆ ఊళ్లో ఈ పక్షుల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు.

కానీ ఆ మాట ఒక్కదానితోనే చెట్లు నిలబడలేదమ్మా. చింతపండు పోయిందని అక్కడి వాళ్లు కూడా చెట్లు అమ్ముకున్నారు. అప్పుడు అటవీశాఖ గూళ్లున్న చెట్లు లెక్కపెట్టి, కాపు నష్టానికి బదులుగా యజమానులకి ఏటా చెట్టుకి ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు యజమానిదే, నేల యజమానిదే, కొట్టనని మాత్రం ఒప్పుకోలు. ఊరి కుర్రాళ్లు మైసూరు పక్షిప్రేమికుల సాయంతో 'హెజ్జార్లె బళగ' అని సంఘం పెట్టుకుని, గూట్లోంచి పడిపోయిన పిల్లల్ని పెంచి వదిలారు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. చెట్ల కింద గోతులు తవ్వి చెరువు మట్టి పోసి, రెట్టతో కలిసిన ఆ మట్టిని పొలాలకి తోలుకుంటారు, అది మంచి ఎరువు. 2007లో ఆ చోటుని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే స్థానికుల కమిటీతో నడిచే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇచ్చే డబ్బు చాలదన్న మాట అక్కడా వినిపిస్తూనే ఉంటుంది, అదీ దాచను.

ఇక మీ సంగతి. ఈ డబ్బు మీకు హక్కుగా వస్తుందని చెప్పి ఆశ పెట్టలేను, ఇది అడిగి సాధించుకోవాల్సింది. ఈ సీజన్లో చెట్టు చెట్టుకీ గూళ్లు లెక్కపెట్టి, తేదీ పడేలా ఫోనులో ఫోటోలు తీయండి. గూళ్లు లేని రోజుల్లో ఎన్ని కిలోల చింతపండు దిగేదో, ఎంతకి అమ్మారో గుర్తున్నంత వరకు రాయండి. పంచాయతీలో తీర్మానం చేయించి, రెండూ కలిపి జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) గారికి అర్జీ పెట్టండి. మీ పక్కనే ఉన్న తేలినీలాపురం ఎలాగూ ఆ శాఖకి బాగా తెలిసిన ఊరు, దాని పేరు అర్జీలో రాయండి. ఒక్కరే వెళ్లొద్దు, మీ వీధిలో గూళ్లున్న చెట్ల వాళ్లందరూ కలిసి వెళ్లండి.

ఒక జాగ్రత్త. ఎవరైనా "కమ్యూనిటీ రిజర్వు చేసేద్దాం" అంటే ఆగి చదవండి. మనం స్వచ్ఛందంగా ముందుకొస్తేనే ప్రైవేటు భూమిని అలా ప్రకటించవచ్చు, మంచిదే. కానీ ప్రకటించాక ఆ నేల వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలి, పైన ప్రభుత్వ ఆమోదం కావాలి. పెరట్లో గది కట్టుకోవడానికి కూడా అదే దారి అవుతుంది. 2022 సవరణ తర్వాత ప్రైవేటు భూమి అయితే ఆ కమిటీలో భూయజమాని కూడా ఉంటారు, అది కొంత నయం. మూడు చెట్లకి నా ఉద్దేశంలో అంత అక్కర్లేదు, చెట్టు లెక్కన ఏటేటా ఒప్పందం చాలు.

అన్నట్టు, మీ వైపు వీటిని సైబీరియా పక్షులంటారు. కావమ్మా, ఇవి మన దేశపు పక్షులే.

ప్రశ్న: మేం ఆస్టిన్‌లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్నాం. ఆరేళ్ల కింద టెక్సాస్ హిల్ కంట్రీలో 62 ఎకరాలు కొన్నాం. ఇప్పుడు భూముల్ని కాపాడే ఒక ల్యాండ్ ట్రస్ట్ వాళ్లు కన్సర్వేషన్ ఈజ్‌మెంట్, అంటే భూమిని ప్లాట్లు చేయబోమని ఒప్పందం, రాయమని అడుగుతున్నారు. ఇంకోవైపు ఒక ఫ్రెండ్, పదిమందిమి ఎల్‌ఎల్‌సీ అని ఒక కంపెనీ పెట్టి భూమి కొని ఈజ్‌మెంట్ ఇచ్చేస్తే పెట్టిన డబ్బుకి నాలుగు రెట్లు టాక్స్ డిడక్షన్ అంటున్నాడు. ఊళ్లో ఉన్న మా నాన్నగారికి చెబితే "కష్టపడి కొన్న భూమి రాసిచ్చేస్తావా" అని రెండ్రోజులు సరిగా మాట్లాడలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మొదట నాన్నగారి టెన్షన్ తీరుద్దాం. మనవైపు 'రాసిచ్చాడు' అంటే భూమి చేయి దాటిపోయిందనే అర్థం. ఇది అది కాదని చెప్పండి. పట్టా మీదే, గేటు తాళం మీ దగ్గరే, రేపు అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు, ఆవుల్ని మేపుకోవచ్చు. ఒక్క హక్కు మాత్రం వదులుకుంటారు, అది ఆ భూమిని ముక్కలు చేసి ప్లాట్లు వేసే హక్కు. ఎన్ని ఇళ్లు కట్టొచ్చు, ఎక్కడ కట్టొచ్చు, ఏ చెట్లు ముట్టుకోకూడదు అన్నవన్నీ దస్తావేజులో మీరూ ట్రస్టూ కూర్చుని రాసుకుంటారు. మీ పిల్లలకో ఇల్లు కట్టే చోటు ముందే గీత గీసి ఉంచుకోవచ్చు. ఇలాంటి ట్రస్టుల్లో మొదటిది 1891లోనే మసాచుసెట్స్‌లో పుట్టింది, అంటే ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. పైగా టెక్సాస్‌లో నూటికి 95 వంతుల భూమి ప్రైవేటు వాళ్ల చేతుల్లోనే ఉంది, అక్కడ యజమాని సరేననకుండా ఏ పిట్టా బతకదు.

పిట్ట అంటే గుర్తొచ్చింది, మీ హిల్ కంట్రీలోనే బంగారు రంగు బుగ్గలున్న చిన్న వార్బ్లర్ ఒకటుంది. మధ్య టెక్సాస్ దాటి ప్రపంచంలో ఇంకెక్కడా గూడు పెట్టదు, ఆ జాతి పిట్ట ప్రతిదీ టెక్సాస్‌లో పుట్టిందే. ముసలి యాష్ జునిపర్ చెట్ల బెరడు పేలికలు పేలికలుగా ఊడుతుంది చూడండి, ఆ పేలికల్ని సాలెగూటి దారంతో కుట్టి గూడు అల్లుతుంది. లేత చెట్టు బెరడు అలా ఊడదు. స్థలం శుభ్రం చేస్తున్నామని పాత చెట్లు కొట్టేసి కొత్తవి నాటితే దానికి పనికిరావు. మీ 62 ఎకరాల్లో అలాంటి చెట్లున్నాయేమో ఈ వారాంతం నడిచి చూడండి, ఆ తర్వాతే కాగితాల సంగతి.

కాగితాలకొస్తే, బరువైన మాట ఒకటే: శాశ్వతం. టాక్స్ డిడక్షన్ కావాలంటే ఒప్పందం శాశ్వతంగా ఉండి తీరాలి. పదేళ్లకి రాసి చూద్దామంటే కుదరదు. మీరు అమ్మినా కొన్నవాళ్లకి, పిల్లలకి, వాళ్ల పిల్లలకి అంటుకునే ఉంటుంది. పరిస్థితులు పూర్తిగా మారి ఆ ఆశయం నెరవేరడం అసాధ్యమైందని కోర్టు తేలిస్తే తప్ప రద్దు కాదు, అప్పుడు కూడా వచ్చిన డబ్బులో ట్రస్టుకి వాటా ఉంటుంది. మీరూ మీ ఆవిడా కాదు, పిల్లలు ఊహ తెలిసిన వయసువాళ్లయితే వాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడి సంతకం పెట్టండి.

లెక్క ఇలా ఉంటుంది. ఈజ్‌మెంట్ లేకుండా భూమి 10 లక్షల డాలర్లు, రాశాక 6 లక్షలు అని అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడు) తేల్చాడనుకోండి. తేడా 4 లక్షలు మీరు దానం చేసినట్టు. మీ ఏడాది ఆదాయంలో, అంటే అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్‌లో, సగం దాకా ఆ ఏడు తీసేసుకోవచ్చు, మిగిలింది ఇంకో 15 ఏళ్ల దాకా తోసుకుంటూ పోవచ్చు. సగం కంటే ఎక్కువ ఆదాయం సేద్యం మీదే వచ్చే రైతుకి నూటికి నూరు దాకా అనుమతి ఉంది, ఐటీ జీతంతో మీకది రాదు. అప్రైజల్ మరీ ముందే చేయించొద్దు, దానం తేదీకి 60 రోజుల లోపుదే అయి ఉండాలి. భూమి మీద బ్యాంకు లోనుంటే, ఈజ్‌మెంట్‌కి లోబడతానని ఆ బ్యాంకు రాసివ్వాలి, లేకపోతే డిడక్షన్ మొత్తం పోతుంది. ఇంకొకటి టెక్సాస్‌లో మరీ ముఖ్యం: భూమి మీది, కింద ఉన్న చమురు, ఖనిజాల హక్కు మాత్రం ఎప్పుడో ఎవరో అమ్ముకుని ఉండొచ్చు. టైటిల్ రిపోర్టులో మొట్టమొదట అదే చూడండి.

అక్కడి ఆస్తి పన్ను తగ్గుతుందనుకుని దీనికి దిగొద్దు. టెక్సాస్‌లో ఆస్తి పన్ను తగ్గేది వ్యవసాయ వినియోగం లెక్కనో, 1995లో జనం ఓటేసి తెచ్చుకున్న వన్యప్రాణి నిర్వహణ లెక్కనో. ఆ అర్జీ వేరు, ఇది వేరు.

ట్రస్టు వాళ్లు ఏటా ఒకసారి వస్తారు. డాలస్ దగ్గర నా స్నేహితుడి భూమిలో ఆ తనిఖీ చూశాను. వచ్చినమ్మాయి మొదటి ఏడాది తీసిన ఫోటోల కట్ట పట్టుకుని, అదే కంచె గుంజ పక్కన, అదే దిక్కుకి తిరిగి నిలబడి మళ్లీ ఫోటో తీసింది. వాగు దగ్గర కొత్తగా వేసిన గొట్టం చూసి "ఇది ఎప్పుడు వేశారు?" అని అడిగింది, రాసుకుంది, మా వాడు ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయింది. రెండు గంటల పని. సంతకం పెట్టే ముందు ట్రస్టుని మీరూ అడగండి: ఈ తనిఖీలకి మీ దగ్గర నిధి ఉందా, మీ ట్రస్టు మూతపడితే ఈ ఒప్పందం ఎవరి చేతికెళ్తుంది? జవాబు తడబడితే వేరే ట్రస్టుని చూసుకోండి.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన ఎల్‌ఎల్‌సీ. దాని జోలికి పోవద్దు. ఇలాంటి వాటిని 2016 డిసెంబరులోనే ఐఆర్‌ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, నిఘా జాబితాలో పెట్టింది. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, భాగస్వాములు పెట్టిన సొమ్ముకి రెండున్నర రెట్లు దాటి డిడక్షన్ అడిగితే అసలు మొత్తమే చెల్లదు. కుటుంబ భాగస్వామ్యాలకి, మూడేళ్లు పైగా భూమి ఉంచుకున్న వాటికి మినహాయింపులున్నాయి, కానీ మీ ఫ్రెండ్ చెప్పేది అది కాదు. భూమి మీద ప్రేమతో రాసేవాళ్లకి కూడా ఈ స్కీములు చెడ్డపేరు తెచ్చాయి, నాకు నిజంగా బాధ కలిగించే విషయమిది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి తిరుగుతుంటే దయచేసి నలుగురికీ చెప్పండి.

ప్రశ్న: నేను నంద్యాల జిల్లాలో రిటైరైన టీచర్ని. చిన్నప్పుడు రోళ్లపాడు గడ్డిలో బట్టమేక పిట్టని కళ్లారా చూశాను. అభయారణ్యం పెట్టారు, అయినా పిట్ట పోయింది. తప్పు రైతులదేనని సభల్లో అంటుంటారు. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, రైతులదే తప్పంటే నేనొప్పుకోను. రోళ్లపాడు అభయారణ్యం 1988లో వచ్చింది, విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మీటరు ఎత్తున నిలబడి, పదిహేను కిలోల దాకా తూగే పక్షి, ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు, అదీ నేల మీదే పెట్టేది, ఆ కాస్త కంచెలో ఇముడుతుందా? అది మేసింది, తిరిగింది చుట్టూ ఉన్న రైతుల చేలల్లో. లోపల కాపలా పెరిగి కృష్ణజింకలు బాగా పెరిగాయి, రాత్రిళ్లు బయటికొచ్చి పంట మేశాయి. రైతు దృష్టిలో జింకా, పిట్టా, అటవీశాఖా మూడూ ఒకటే అయిపోయాయి. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, గడ్డిబీళ్లు తగ్గాయి. కంచె లోపలికి కాపలా ఉంది, బయట ఉన్న రైతుతో మాత్రం 'నీ చేను ఇలా ఉంచితే నీకిది' అని ఒక ఒప్పందం లేదు. పోగొట్టుకున్నది అక్కడేనని నా నమ్మకం.

భయం పిట్టని ఎలా చంపుతుందో అమెరికా కరొలైనా రాష్ట్రాల్లో చూశారు. అక్కడ ఒక వడ్రంగి పిట్ట ఉంది, మగదానికి తల పక్కన చిన్న ఎర్ర గుర్తుంటుంది. మిగతా వడ్రంగి పిట్టలు ఎక్కువగా ఎండిన మాను తొలుస్తాయి, ఇది మాత్రం బతికున్న పైన్ చెట్టునే, ముఖ్యంగా లాంగ్‌లీఫ్ పైన్‌ని తొలుస్తుంది, అందులోనూ ఎనభై తొంభై ఏళ్లు పైబడిన చెట్టు. ఒక్క తొర్ర చేయడానికి ఏళ్లు పడుతుంది. తొర్ర చుట్టూ చిన్న చిన్న బెజ్జాలు కొడుతుంది, జిగురు కారి మాను మీద మైనంలా గడ్డకడుతుంది, ఆ జిగురు దాటి పాము పైకి పాకలేదు. అంత తెలివైన పిట్టకి మనిషి భయం ముందు తెలివి చాలలేదు. చట్టం ప్రకారం పిట్ట చేరితే ఆ చెట్లు కొట్టకూడదు. దాంతో యజమానులు పిట్ట రాకముందే, చెట్టు ముదరకముందే కొట్టి అమ్ముకోవడం మొదలుపెట్టారు. పిట్ట కోసం పెట్టిన చట్టమే పిట్టకి నీడ లేకుండా చేసింది.

1995లో నార్త్ కరొలైనా శాండ్‌హిల్స్‌లో 'సేఫ్ హార్బర్' అని ఒక ఒప్పందం తెచ్చారు. ఉద్దేశం చాలా మామూలు. ఇవాళ నీ భూమిలో రెండు పిట్టల గుంపులుంటే ఆ రెండింటికే నీ బాధ్యత. నువ్వు పాత చెట్లుంచి, కింద పొదలు తగలబెట్టి బాగా చూసుకున్నందుకు అవి ఐదైతే, ఆ అదనపు మూడింటి పేరుతో నీ మీద కొత్త ఆంక్షలు రావు. అంతే, మంచి చేసినందుకు శిక్ష ఉండదని రాసిచ్చారు. యజమానులు ముందుకొచ్చారు, ఇతర రాష్ట్రాలకీ పాకింది. ప్రభుత్వ భూముల్లో చేసిన పని, ఈ ఒప్పందాలు కలిసి 2024 అక్టోబరులో ఆ పిట్టని 'అంతరించే ప్రమాదం' జాబితా నుంచి ఒక మెట్టు తక్కువ ప్రమాదానికి దించారు.

రోళ్లపాడు చుట్టూ ఇలాంటి మాట రైతుకి ఎవరైనా కాగితం మీద ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను మాస్టారూ. మీరు చూసింది ఏ సంవత్సరం, ఏ చేను దగ్గర, అప్పుడు ఆ చేలో ఏ పంట ఉంది, గుర్తున్నదంతా రాసి పంపండి. అలా చూసినవాళ్లు తగ్గిపోతున్నారు.

ప్రశ్న: వికారాబాద్ దగ్గర నాకు 9 ఎకరాలుంది, సగం చిట్టడవే. నా తర్వాత కూడా ఎవరూ ప్లాట్లు వేయకుండా అమెరికాలో మాదిరి ఒక సంస్థకి ఈజ్‌మెంట్ రిజిస్టర్ చేయొచ్చా?

జవాబు: అచ్చంగా అలాగైతే కుదరదు. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. అందులో ఈజ్‌మెంట్ అంటే ఒక భూమి మేలు కోసం పక్క భూమి మీద ఉండే హక్కు, దారి హక్కు, నీటి హక్కు లాంటిది. హైదరాబాద్‌లో ఆఫీసున్న సంస్థకి మీ పక్కన సెంటు భూమి కూడా లేకపోతే దానికి మీ భూమి మీద ఈజ్‌మెంట్ పుట్టదు. పోనీ గిఫ్టు డీడ్‌లో 'ఎప్పటికీ కట్టడాలు కట్టరాదు' అని షరతు రాద్దామంటే, పూర్తిగా ఇచ్చేసిన ఆస్తి మీద అలాంటి షరతు నిలబడటం కష్టం, ఆస్తి బదిలీ చట్టమే అడ్డు. ఇంగ్లండ్‌లో కూడా ఇదే చిక్కుండేది. 2021లో చట్టం చేసి, 2022 సెప్టెంబరు చివర నుంచి కన్సర్వేషన్ కవెనెంట్లు, అంటే భూమిని అంటిపెట్టుకుని ఉండే సంరక్షణ ఒప్పందాలు, అమల్లోకి తెచ్చారు. చిలీ 2016లోనే చేసింది. మనకీ అలాంటి చట్టం కావాలి, మీలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువవుతున్నాయి.

అందాకా మూడు దారులున్నాయి. ఒకటి, కాలపరిమితితో ఒప్పందం. కొంకణ్‌లో రత్నగిరి జిల్లాలో పుణెకి చెందిన అప్లైడ్ ఎన్విరాన్‌మెంటల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇదే చేస్తోంది. అక్కడ అడవిలో చాలా భాగం ప్రైవేటుదే, కలప వ్యాపారి వచ్చి అడిగితే కొట్టించేవాళ్లు. ఈ సంస్థ యజమానులతో ఇన్నేళ్లు కొట్టనని ఒప్పందం రాసుకుని, బదులుగా ఏదో ఒక ప్రయోజనం చూపిస్తుంది. వాటిల్లో నాకు బాగా నచ్చింది తానిచెట్ల సంగతి. పెద్ద తానిచెట్ల తొర్రల్లో హార్న్‌బిల్ పక్షులు గూడు పెడతాయి, ఆడపక్షి లోపల కూర్చుని తొర్ర మూసేసుకుంటే మగపక్షి చిన్న చీలికలోంచి తిండి అందిస్తుంది. ఆ చెట్టు కాయలే మన త్రిఫలలో పడే తానికాయలు. కాయ ఏరి ఎండబెట్టి మంచి ధరకి ఇంగ్లండ్‌లోని హెర్బల్ టీ కంపెనీకి అమ్మే ఏర్పాటు చేశారు. ఇక చెట్టు కొట్టడం కంటే ఉంచడమే లాభం. మీ 9 ఎకరాల్లో ఏమేం చెట్లున్నాయో, వాటి కాయకో జిగురుకో ధర ఉందేమో ముందు చూసుకోండి. రెండో దారి దీర్ఘకాలిక లీజు, ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి. మూడోది పబ్లిక్ ట్రస్టు పెట్టి, అడవిగా ఉంచడాన్నే దాని ఆశయంగా రాసి భూమిని అందులో పెట్టడం. ఇది తిరుగులేని అడుగు కాబట్టి మంచి లాయర్ దగ్గర రెండు సిట్టింగులైనా కూర్చోండి.

ప్రశ్న: మేం ముగ్గురు అన్నదమ్ములం, భూమి పంచుకుంటున్నాం. మధ్యలో రెండెకరాల పాత మర్రి, రావి తోపు ఉంది. నాన్న పోతూ "దాన్ని కొట్టొద్దురా" అన్నారు. ముగ్గురికీ ఒప్పుదలే, కానీ రేపు మా పిల్లల తరంలో ఎవరైనా అమ్మేస్తే? (ప్రకాశం జిల్లా)

జవాబు: పై జవాబులో సంస్థకి లేని సౌకర్యం మీకుంది. మీ ముగ్గురి పొలాలూ ఆ తోపుని ఆనుకునే ఉన్నాయి. పక్క భూమి మేలు కోసం ఒక భూమి వాడకాన్ని అడ్డుకునే హక్కు రాసుకుంటే, ఆ సంగతి తెలిసి కొన్నవాడికి కూడా అది వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్. తెలిసి అన్నది కీలకం. అందుకే నోటిమాటగా వదలకుండా పంపకాల దస్తావేజులోనే రాయించి రిజిస్టర్ చేయించండి, ఈసీ తీసినవాడికి కనబడాలి. తోపు నీడ, నీటి ఊట, గాలివాటం మీ మూడు పొలాలకీ ఎలా ఉపయోగమో ఒక్కో వాక్యం అందులో ఉండాలి. 'కొట్టకూడదు, కట్టకూడదు, దున్నకూడదు' అని స్పష్టంగా రాయండి, 'కాపాడాలి' అని ఊరికే రాస్తే కోర్టులో దానికి పట్టుండదు.

మీ ఉత్తరంలో అక్కచెల్లెళ్ల ప్రస్తావన లేదు. ఉంటే వాళ్ల వాటా, వాళ్ల సంతకాలు లేకుండా ఈ దస్తావేజు నిలవదు, ముందు వాళ్లతో మాట్లాడండి. సర్వేయర్ వచ్చిన రోజు తోపుకి నాలుగు మూలలా రాళ్లు పాతించి, షెడ్యూల్‌లో హద్దులతో పాటు మర్రి ఎన్ని, రావి ఎన్ని, ఒక్కో దాని మొదలు చుట్టుకొలత ఎంత అన్నది కూడా ఎక్కించండి. కొలిచేటప్పుడు టేపు రెండో కొస మీ పిల్లల చేత పట్టించండి.